దేవుడు, గురువు, గ్రంథం: జైన గురుపరంపరలు మనకు చెప్పే మాట

(ఆలయ జీర్ణోద్ధారణ, పునఃప్రతిష్ఠా మహోత్సవాన్ని పురస్కరించుకొని ములుగులో జరిగిన ధార్మిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



యాగశాలలో హోమధూమం ఇంకా చల్లారలేదు. శిఖరం మీద నూతన కలశం ఎండకు మెరుస్తున్నది. ఇటువంటి శుభవేళ జైన గురుపరంపరలను గురించి, వారి తాళపత్ర గ్రంథ సంప్రదాయాన్ని గురించి నాలుగు మాటలు చెప్పుమని నిర్వాహకులు నన్ను ఆజ్ఞాపించారు. మన దేవుని సన్నిధిలో జైనుల ప్రసక్తి ఎందుకని కొందరికి సందేహం కలుగవచ్చు. జీర్ణోద్ధారణ అనే మాటకు పూర్తి అర్థం తెలియాలంటే ఆ పరంపరను ఒకసారి స్మరించడం మనకే మేలు. అది పరాయి కథ కాదు, మన నేల మీద నడిచిన కథ.

ముందుగా మన ఊరి పక్కనే ఉన్న పాలంపేటను తలచుకొందాం. రామప్ప గుడి అని మనం పిలుచుకొనే ఆ రుద్రేశ్వరాలయానికి 2021లో ప్రపంచ వారసత్వ గౌరవం లభించింది. దానిని 1213లో నిర్మింపజేసినవాడు రేచర్ల రుద్రుడని మనకు ఎలా తెలిసింది? అక్కడ నిలిచి ఉన్న శాసనస్తంభం చెప్పింది కనుక తెలిసింది. ఆ ఒక్క రాయి పోయి ఉంటే, ఇంతటి కట్టడం ఎవరి భక్తికి ఫలమో చెప్పగలిగేవారు ఉండేవారు కారు. గుడి నిలవడం ఒక ఎత్తు, గుడి వెనుకనున్న జ్ఞాపకం నిలవడం మరొక ఎత్తు.

ఈ రెండవదానిని జైనులు ఎంతో శ్రద్ధగా పట్టించుకున్నారు. వారి నిత్యపూజలో దేవుడు, శాస్త్రం, గురువు అని మూడింటినీ కలిపి స్మరిస్తారు. వారు చెప్పే నాలుగు దానాలు ఆహారదానం, ఔషధదానం, శాస్త్రదానం, అభయదానం. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడం ఎంత పుణ్యమో, ఒక గ్రంథానికి ప్రతి వ్రాయించి ఇవ్వడం అంత పుణ్యమని వారి విశ్వాసం.

మనం పెద్దలకు అభివాదం చేసేటప్పుడు గోత్రం, ప్రవర చెప్పుకొంటాం. జైన మునులు తమ పరిచయాన్ని సంఘం, గణం, గచ్ఛం, అన్వయం అనే మాటలతో చెప్పుకొనేవారు. అక్కడ వంశం రక్తంతో రాదు, ఉపదేశంతో వస్తుంది. వర్ధమాన మహావీరునికి పదునొకండుగురు గణధరులు. ఆయన తరువాత గౌతముడు, సుధర్ముడు, జంబూస్వామి కేవలజ్ఞానులయ్యారని శ్వేతాంబరులూ దిగంబరులూ ఏకకంఠంతో చెబుతారు. అటుపై శ్రుతకేవలులు వచ్చారు. వారిలో చివరివాడు భద్రబాహువని దిగంబర సంప్రదాయం. శ్రుతమంటే విన్నది. తొలినాళ్లలో ఆ జ్ఞానమంతా గురుముఖం నుండి శిష్యుని చెవికి చేరి, ధారణలో నిలిచేది. కరవులు వచ్చాయి, మునులు చెదిరిపోయారు, వినేవారు తగ్గారు. ఒక గురువు తగిన శిష్యుడు లేక కన్నుమూస్తే ఆయనతోబాటు ఒక గ్రంథభాగం కన్నుమూసేది. ఈ భయం నుండే వ్రాతప్రతి పుట్టింది.

శ్వేతాంబరులు వలభీపురంలో దేవర్ధిగణి క్షమాశ్రమణుని ఆధ్వర్యంలో సమావేశమై తమ ఆగమాలను గ్రంథస్థం చేసుకున్నారు. దిగంబరుల కథ మన దేశంతో ముడిపడి ఉన్నది.

సౌరాష్ట్రంలో గిరినగరం వద్ద చంద్రగుహలో ధరసేనాచార్యుడనే వృద్ధముని ఉండేవాడు. పూర్వశ్రుతంలో ఒక భాగం ఆయనకు తెలుసు. తనతో అది అంతరిస్తుందేమోనని ఆయన కలత చెంది, దక్షిణాపథంలో సమావేశమైన ఆచార్యులకు లేఖ పంపాడు. వారు సమర్థులైన ఇద్దరు యువమునులను ఎంచి పంపారు. వారిని ఎక్కడి నుండి పంపారో వీరసేనాచార్యుని ధవళా వ్యాఖ్య స్పష్టంగా చెబుతున్నది: ఆంధ్రదేశంలోని వేణ్ణా నదీతీరం నుండి. ఆ వేణ్ణ కృష్ణానదికి సంబంధించినదేనని పలువురు పండితుల అభిప్రాయం.

వచ్చినవారిని ధరసేనుడు వెంటనే శిష్యులుగా అంగీకరించలేదు. ఇద్దరికీ చెరియొక మంత్రం ఇచ్చి సాధన చేయుమన్నాడు. ఒకరి మంత్రంలో ఒక అక్షరం ఎక్కువగా, రెండవవారి మంత్రంలో ఒక అక్షరం తక్కువగా కావాలనే ఇచ్చాడు. సాధన ముగిసింది. ఇద్దరికీ దేవతలు కనిపించారు. ఒక దేవతకు పళ్లు ముందుకు పొడుచుకొని వచ్చాయి. మరొక దేవతకు ఒక్క కన్నే ఉన్నది. దేవతలకు ఇటువంటి వైకల్యం ఉండదే అని మునులు ఆలోచించి, దోషం మంత్రంలో ఉన్నదని గ్రహించారు. మంత్రవ్యాకరణాన్ని అనుసరించి ఒకరు అధికాక్షరాన్ని తొలగించారు, ఒకరు లోపించిన అక్షరాన్ని చేర్చారు. మళ్లీ జపించగా దేవతలు తమ నిజరూపాలతో ప్రత్యక్షమయ్యారు. జరిగినది విన్న ధరసేనుడు సంతోషించి శ్రుతాన్ని ఉపదేశించాడు. వారే పుష్పదంతుడు, భూతబలి. వారు కూర్చిన గ్రంథం షట్ఖండాగమం. పుష్పదంతుడు తొలి సూత్రాలను రచించి, జినపాలితుడనే శిష్యునికి నేర్పి, అతనితో భూతబలికి పంపాడు. మిగిలినది భూతబలి పూర్తిచేశాడు. గ్రంథం పూర్తయి పూజలందుకొన్న జ్యేష్ఠ శుక్ల పంచమిని దిగంబరులు నేటికీ శ్రుతపంచమిగా జరుపుకొంటారు. ఆ రోజున గ్రంథాలకే పూజ.

భక్తులారా! ఆ మంత్రపరీక్ష కథను మరొకసారి మనసులో నెమరువేయండి. ఒక అక్షరం ఎక్కువైతే దేవత రూపం చెడింది. ఒక అక్షరం తక్కువైతే దేవతకు కన్ను పోయింది. విగ్రహానికి ఉలి ఎంత ముఖ్యమో, అక్షరానికి శుద్ధి అంత ముఖ్యమని ఇంతకంటె సూటిగా చెప్పడం సాధ్యమా?

ఇక మన తెలంగాణకు వద్దాం. కరీంనగర్ జిల్లాలో గంగాధర సమీపాన, కురిక్యాల వద్ద బొమ్మలగుట్ట ఉన్నది. ఆ రాతి మీద చక్రేశ్వరీ దేవి, తీర్థంకరుల రూపాలు, వాటి కింద శాసనం. దీనిని వేయించినవాడు జినవల్లభుడు. కన్నడ ఆదికవి పంప మహాకవికి స్వయానా తమ్ముడు. వీరి పూర్వికులు వేంగీదేశపు కమ్మనాటి వారు. పదవ శతాబ్దికి చెందిన ఈ శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలూ ఉన్నాయి. చివరనున్న కంద పద్యాలు నన్నయ భట్టారకునికి దాదాపు నూరేళ్ల ముందటివి. పంపనకు వేములవాడ చాళుక్య ప్రభువు అరికేసరి ధర్మపురమనే అగ్రహారమిచ్చిన సంగతీ, జినవల్లభుడు తటాకాన్ని, ఉద్యానవనాన్ని ఏర్పరచిన సంగతీ అందులో ఉన్నాయి.

నేను మీ దృష్టికి తేదలచినది వేరొకటి. అంతటి కవికి తమ్ముడై, అంతటి పనులు చేసినవాడు తనను తాను ఎలా పరిచయం చేసుకున్నాడు? కొండకుందాన్వయానికి, దేశిగణానికి, పుస్తకగచ్ఛానికి చెందిన జయంగొండ సిద్ధాంత భటారుల శిష్యుడనని చెప్పుకున్నాడు. ఆ గురుశాఖ పేరులోనే పుస్తకం ఉన్నదని గమనించండి! దాత పేరు పక్కన గురువు పేరు, గురువు పేరులో గ్రంథం. దేవుడు, గురువు, గ్రంథం మూడూ ఆ గుట్ట మీద ఒక్కచోట కనిపిస్తాయి.

ఆ గంగాధరలోనే క్రీ.శ. 959లో సోమదేవసూరి యశస్తిలక చంపువును పూర్తిచేశాడు. నీతివాక్యామృతం వ్రాసినవాడూ ఆయనే. ఆయన కూడా గ్రంథాంతంలో తన గురువు నేమిదేవుని, పరమగురువు యశోదేవుని మరచిపోకుండా పేర్కొన్నాడు. వేములవాడలో బద్దెగుడు కట్టించిన శుభధామ జినాలయానికి ఆయన ఆచార్యుడు. క్రీ.శ. 966 నాటి పర్భణీ తామ్రశాసనం ప్రకారం అరికేసరి ఆ జినాలయపు మరమ్మతులకు, పూజలకు వనికటుపులు అనే గ్రామాన్ని సోమదేవునికి దానం చేశాడు. ఆనాటి జీర్ణోద్ధారణ నిధి అది.

నేడు ఆ శుభధామ జినాలయం పూజలందుకోవడం లేదు. దానమిచ్చిన గ్రామం దేవుని మాన్యంగా మిగలలేదు. ఇచ్చిన రాజవంశం కాలగర్భంలో కలిసిపోయింది. యశస్తిలకం మాత్రం నిలిచింది. ఎవరో లేఖకులు ఎక్కడెక్కడో కూర్చొని దానికి ప్రతులు వ్రాశారు. ఉత్తరాది గ్రంథభాండారాలలో అవి భద్రంగా ఉన్నాయి. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో బొంబాయి నిర్ణయసాగర ముద్రణాలయం వారు అచ్చువేశారు. మన గడ్డ మీద పుట్టిన గ్రంథం, దానిని కాపాడిన చేతులు వేరెక్కడివో! రాతికి ఇచ్చిన మాన్యం పోయినా, ఆకు మీద వ్రాసిన అక్షరం మిగిలింది.

గ్రంథదానమంటే అత్తిమబ్బెను స్మరించక తప్పదు. ఆమె పూర్వికులు కూడా కమ్మనాటి పుంగనూరు వారేనని రన్నకవి తన అజితపురాణంలో (క్రీ.శ. 993) చెప్పాడు. ఆమె తండ్రి మల్లపయ్య, పినతండ్రి పున్నమయ్య తమ గురువైన జినచంద్రదేవుని స్మృతికోసం పొన్నకవి చేత శాంతిపురాణం వ్రాయించారు. గురువు గతించినప్పుడు వారు ఎంచుకొన్న స్మారకం ఒక కావ్యం! ఆ కావ్యం మరుగున పడకూడదని అత్తిమబ్బె వేయి ప్రతులు వ్రాయించి పంచిపెట్టింది. ముద్రణాయంత్రం లేని పదవ శతాబ్దిలో, ఆకు తరువాత ఆకు ఘంటంతో గీసి వేయి ప్రతులంటే ఎంతమంది లేఖకులు, ఎన్ని నెలల భత్యం! పదిహేను వందల జినబింబాలను కూడా ఆమె చేయించిందని ప్రసిద్ధి. ఆమెకు దానచింతామణి అన్న బిరుదు ఊరక రాలేదు.

మనకు మరింత దగ్గరకు వస్తే హనుమకొండ. పద్మాక్షి గుట్ట మీద పార్శ్వనాథుడు, తీర్థంకరులు రాతిలో దర్శనమిస్తారు. కాకతీయ ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ అక్కడ కడలాలయ బసది కట్టించిందని 1117 నాటి శాసనం చెబుతున్నది. ఈనాడు అక్కడ అమ్మవారు పద్మాక్షిగా కొలువై ఉన్నది. బతుకమ్మ పండుగనాడు గుండం ఒడ్డున వేలాది ఆడపడుచులు పూలతో నిండిపోతారు. ఆ తల్లికి పూజ ఆగలేదు, అది మన అదృష్టం. అయితే మైలమ కాలంలో ఆ బసదిలో ఏ గురువులు ఏ గ్రంథాన్ని బోధించారో చెప్పే తాళపత్రం ఒక్కటీ అక్కడ మనకు మిగలలేదు. దేవుడు నిలిచాడు, గురువుల పేర్లు, వారి గ్రంథాలు జారిపోయాయి.

తాళపత్రం అల్పాయుష్షు కలది. లేత తాటాకును లేదా శ్రీతాళపత్రాన్ని కోసి, ఉడికించి, ఆరబెట్టి, నునుపుచేసి, ఘంటంతో అక్షరాలు గీసి, మసి పూసి తుడిస్తే వ్రాత నల్లగా తేలుతుంది. రంధ్రం చేసి తాడు గుచ్చి, పైనా కిందా చెక్కలు పెట్టి, గుడ్డలో చుడతారు. ఎంత కాపాడినా చెమ్మ, పురుగు, చెదలు దానిని వదలవు. కొన్ని శతాబ్దాలకు ఆకు పెళుసెక్కి విరుగుతుంది. కాబట్టి ప్రతి కొన్ని తరాలకూ ఒక లేఖకుడు పాతదానిని చూసి కొత్తది వ్రాయాలి. ఇదే గ్రంథానికి జీర్ణోద్ధారణ. గుడికి స్థపతి ఎలాగో గ్రంథానికి లేఖకుడు అలాగు. వ్రాసేవానికి అన్నం పెట్టే దాత, తప్పు దిద్దే గురువు, ఈ ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా పని ఆగిపోతుంది.

ఇది ఆగని చోట ఏం జరుగుతుందో మూడబిదిరె చూపుతుంది. ఇందాక చెప్పిన షట్ఖండాగమానికి తొమ్మిదవ శతాబ్దిలో వీరసేనుడు ధవళా వ్యాఖ్య వ్రాశాడు. దాని ప్రాచీన తాళపత్ర ప్రతులు, పాత కన్నడ లిపిలో, దక్షిణ కర్ణాటకంలోని మూడబిదిరె సిద్ధాంత బసదిలో శతాబ్దాలపాటు ఉన్నాయి. యాత్రికులు దూరం నుండి దర్శించి, నమస్కరించి వెళ్లేవారు. చదివేవారు అరుదు. పందొమ్మిదవ శతాబ్ది చివర వాటికి నకళ్లు తీయడం మొదలయింది. 1939లో హీరాలాల్ జైన్ సంపాదకత్వాన విదర్భలోని అమరావతి నుండి మొదటి సంపుటం వెలువడి, క్రమంగా పదహారు సంపుటాలు పూర్తయ్యాయి. ఆంధ్రదేశపు నదీతీరం నుండి వెళ్లిన ఇద్దరు మునులు పట్టుకొన్న ఉపదేశం ఆ విధంగా లోకానికి చేరింది. అక్కడ గురుపీఠం నిలిచింది, కనుక గ్రంథం నిలిచింది.

మన శైవులకూ ఇటువంటి పరంపర లేకపోలేదు. కాకతి రుద్రమదేవి నాటి మల్కాపుర శాసనం (1261) గోళకీమఠ గురువుల వరుసను చెక్కి చెప్పి, విశ్వేశ్వర శివాచార్యుడు ఆలయంతోబాటు విద్యాలయానికీ ఆరోగ్యశాలకూ చేసిన ఏర్పాట్లను వివరిస్తుంది. గురువును మరచిన గుడి మన పెద్దలకు కూడా సమ్మతం కాదు.

ఇప్పుడు నా ఇంటి మాట ఒకటి మీ ముందు ఉంచుతాను. మా తాతగారి అటక మీద ఎర్రగుడ్డలో చుట్టిన తాటాకుల కట్ట ఒకటి ఉండేది. ఏటా వసంత పంచమినాడు మా నాయనమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టేది. చదవగలిగినవారు మా ఇంట లేకపోయారు. ఆమె పోయిన తరువాత చెదలు అంచు తిన్నాయి. ఇంట్లో ఉంచితే దోషమని ఒకరు, పుణ్యనదిలో కలిపితే పితృదేవతలు తృప్తిపడతారని ఒకరు అన్నారు. 2003 గోదావరి పుష్కరాలలో మంగపేట వద్ద మోకాలిలోతు నీటిలో నిలబడి నేనే, ఈ చేతులతోనే, ఆ కట్టను విడిచాను. కాసేపు తేలి, తాడు ఊడి, ఆకులు విడివిడిగా కొట్టుకొనిపోయాయి. ఆనాడు పుణ్యం చేశాననుకొన్నాను. అందులో ఉన్నది భారతమో, వైద్యమో, మా పూర్వికుల గురుపరంపరో నాకు ఈనాటికీ తెలియదు, ఇక తెలియదు కూడా. మూడబిదిరె కథ చదివిన రాత్రి ఆ నీళ్లే నా కళ్లముందు మెదిలాయి. నా తప్పును సభలో చెప్పుకోవడం మీలో ఒక్కరైనా ఆ తప్పు చేయకుండా ఉండాలని.

కాబట్టి దాతలకు, భక్తులకు మూడు విన్నపాలు.

మొదటిది రాతిని గురించి. ఏ గుడి జీర్ణోద్ధారణ తలపెట్టినా, పని మొదలుపెట్టకముందే ప్రతి స్తంభాన్నీ, గడపనూ, ప్రాకారపు రాళ్లనూ పరిశీలించండి. అక్షరం కనిపిస్తే దాని మీద సున్నం, రంగు వేయనీయకండి, పాలరాతి పలకలతో కప్పనీయకండి. ఛాయాచిత్రం తీసి, పురావస్తు శాఖవారికి కబురు చేసి, నకలు తీయించిన తరువాతనే రాయి కదల్చండి.

రెండవది ఆకును గురించి. మీ ఇంట తాళపత్రాలు ఉంటే నీటిలో కలపకండి, అగ్నికి ఇవ్వకండి. చదవడం రాకపోయినా ఫరవాలేదు, చదివేవారు ఉన్నారు. చెమ్మ తగలని చోట, పలచని నూలుగుడ్డలో ఉంచండి. విరిగిన ఆకులను బలవంతంగా విడదీయకండి. హైదరాబాదులోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికి తెలియజేయండి. కేంద్ర ప్రభుత్వం 2003లో జాతీయ వ్రాతప్రతుల పథకాన్ని ప్రారంభించింది, 2025లో జ్ఞానభారతం పేరిట కోటికి పైగా ప్రతులను గుర్తించి భద్రపరచే కార్యక్రమాన్ని ప్రకటించింది. ఛాయాప్రతి తీసినంత మాత్రాన మీ కట్ట మీది కాకుండా పోదు.

మూడవది మనుషులను గురించి. ఈ సంచికలో దాతల పేర్లు ముద్రిస్తున్నారు, సంతోషం. వారితోబాటు ఈ గుడిలో తరతరాలుగా అర్చన చేసినవారి పేర్లు, వారికి మంత్రం చెప్పిన గురువుల పేర్లు, ఈ శిఖరాన్ని మలచిన శిల్పుల పేర్లు, వారు ఎవరి వద్ద పని నేర్చుకున్నారో ఆ వివరాలు వృద్ధులను అడిగి వ్రాసి ఉంచండి. జినవల్లభుడు వేయేళ్లకు పూర్వం చేసిన పని ఇదే. వృద్ధులు ఉండగానే అడగాలి. ధరసేనుడు లేఖ పంపడంలో ఆలస్యం చేసి ఉంటే షట్ఖండాగమం ఉండేది కాదు.

ఈ పవిత్ర ప్రతిష్ఠలో మంత్రంతో దేవుని ఆవాహన చేశాం. ఆ మంత్రం మనకు ఒక గురువు నోటి నుండి, ఆయనకు మరొక గురువు నోటి నుండి, నడుమ ఎక్కడో ఒక లేఖకుని ఘంటం నుండి వచ్చింది. శిఖరానికి మొక్కేటప్పుడు వారిని కూడా స్మరించండి. మీ సంపాదనలో రాతికి ఇచ్చినదానితోబాటు అక్షరానికీ ఒక పాలు కేటాయించండి. ఒక అక్షరం తగ్గి మన దేవతకు కన్ను పోకుండా కాపాడుకొనే భారం ఇప్పుడు మనది.

స్వామి కటాక్షం మీ అందరి ఇళ్ల మీద ప్రసరించుగాక. సర్వే జనాః సుఖినో భవంతు.